చెక్క కప్ప

గరుత్మంతుని రెక్క ఊడిందని
సిస్టరమ్మ నన్ను పిలిపించింది.
ఆదోనిలో పత్తిమిల్లు వెనక వీధి,
మే నెల, మేకు ముట్టుకుంటే వేలు కాలే పూట.

గోడ నిండా మొహాలు.
గుడ్లు మిటకరించి, కోరలు బయటపెట్టి,
ఎర్ర నాలుక గడ్డం దాకా జార్చి.
మొదట్లో వీధోళ్ళు దిష్టిబొమ్మలనుకున్నారంట.
"ఒక్కింటికి ఇన్ని దిష్టిబొమ్మలా,
ఏం సంపాదించిందబ్బా ఈయమ్మ!" అని
కొత్త దిష్టి పెట్టినారంట.

ముప్పై ఒక్క ఏండ్లు కాన్పుల వార్డులో చేసింది ఉరుకుందమ్మ.
రోజూ కొత్త మొహం చూసిన కండ్లు,
రిటైరైనాక ఊరికే ఉండలేకపోయినాయేమో.
పెన్షను డబ్బు, బెంగుళూరు గోడౌను,
ఏడాదికొక పెట్టె, పెట్టెలో గడ్డి,
బొమ్మకు చుట్టిన పేపర్లు.
ఇంగ్లీషు అక్షరాలే, ఇంగ్లీషు మాత్రం కాదు.
అవి కూడా పారేయదు,
బీరువా అరల్లో పరుచుకుంటుంది.

"ఇండోనేషియాది మౌనాచారీ, జాగ్రత్త" అనింది.
రెక్క సందులో చిన్న పేడు తీసి
ముక్కు దగ్గర పెట్టుకున్నా.
నిద్రగన్నేరు.
రోడ్డు వెడల్పు చేస్తామని
మొన్న బస్టాండు ఎదురుగా కోసిందీ దాన్నే.
దీని అన్నో తమ్ముడో
టన్నుల లెక్కన ఇటుకబట్టీకి పోయినాడు.
చెప్పలేదు.
చెబితే నా కూలి తగ్గదు గానీ
ఆమె గోడ తగ్గుతుందనిపించింది.

రాత్రిళ్ళు పగుల్తాయంట బొమ్మలు, టప్పుమని.
వార్డులో ఎవరికో నొప్పులొచ్చినట్టు
ఉలిక్కిపడి లేస్తుందంట,
టార్చి పట్టుకొని ఎవరా అని వెతుకుతుందంట.
తేమలో పెరిగిన చెక్క.
మా గాలి దాని ఒంట్లో నీళ్ళు
అప్పు వసూలు చేసినట్టు గుంజుకుంటుంది.
మైనం, లక్క, రంపపుపొడి,
నా దగ్గరుండే మందులింతే.

అన్నిటికన్నా పెద్ద నెర్రె కప్పకు.
గుమ్మడికాయంత కప్ప,
వెన్నంతా రంపం పళ్ళు, నోట్లో ఒక పుల్ల.
ఏముందిలే అని పుల్ల తీసి వెన్ను గీసినా.
గెర్ర్... గెర్ర్...
చెయ్యి ఆగిపోయింది.
ఈ చప్పుడు విని నాలుగేండ్లాయె.

నెర్రెలో రూపాయి బిళ్ళ నిలువునా దూరింది.
రేపొచ్చి నింపుతానని చెప్పి
పత్తికొండలో పెండ్లికి పోయి
వారం ఉండిపోయినా.

ఆ వారంలోనే ఆడోళ్ళు కప్పతల్లికి బయల్దేరినారంట.
రోకలుంది. వేపమండలున్నాయి.
పాటంతా వచ్చిన హుసేనమ్మ ఉంది.
కప్ప లేదు.
కుంటలో లేదు, బోరు గుంతలో లేదు,
మున్సిపాలిటీ కాలవలోనూ లేదు.
ఎవరి పిల్లో, సిస్టరమ్మ చేతిలో పుట్టిన పిల్లే,
"ఆయమ్మ బల్లమీద ఉంది కదా" అనిందంట.

మారుమాట లేకుండా ఇచ్చేసింది.
పుల్ల మాత్రం పోగొట్టొద్దనిందంట.
రోకలికి ఎర్రగుడ్డతో కట్టి
గడప గడపకూ నిలబెడితే
బిందెలకు బిందెలు పోసినారు,
ట్యాంకరు నీళ్ళు, దుడ్లిచ్చి కొన్న నీళ్ళు.
ఒక పిల్లోడు వెన్ను గీసుకుంటా
కరెంటాఫీసు దాకా నడిచినాడు.

వానంటారా,
ఆలూరు పక్క నాలుగు చినుకులు రాలినాయన్నారు.
మాకు మబ్బు వచ్చింది, చూసింది, పోయింది.

నేను మైనం కరగబెట్టుకొని పోయేసరికి
కప్ప మళ్ళీ బల్లమీదుంది,
పసుపూ కుంకుమా తుడవలేదు.
కొలత చూద్దామని రూపాయి బిళ్ళ పెట్టినా.
దూరలేదు.
గోటితో తడిమినా.
వెంట్రుకంత గీత, అంతే.
ఎన్ని బిందెలు తాగిందో.

"ఎండితే మళ్ళీ తెరుచుకుంటాదమ్మా" అన్నా.
వడ్రంగిని, చెక్క గురించి అబద్ధమాడలేను.
"తెలుసులే" అనింది.
మైనం అట్లనే వెనక్కి తెచ్చినా,
ఉబ్బిన చెక్కకు పూత పెట్టకూడదు.
రెక్కకు మాత్రం కూలి తీసుకున్నా.

వచ్చేటప్పుడు బస్టాండు ఎదురుగా చూసినా.
మొద్దు ఇంకా పెరకలేదు.
దానిమీద గోతం పరుచుకొని ఒకామె
ఉడకబెట్టిన చెనిక్కాయలు అమ్ముతోంది,
గోతం కింద మొద్దు తడిసి నల్లగా ఉంది.